తెలుగులో రహస్య లిపి రాయడం ఎలా? 32 హల్లులు, ఒక తాళంచెవి

వేసవి సెలవులు మొదలయ్యాయంటే ఒకే ప్రశ్న నాకు నలుగురి నుంచి వస్తుంది. "ఇంగ్లీషులో ఏ బదులు డి, బి బదులు ఇ రాస్తే రహస్య లిపి అవుతుందని పిల్లల పుస్తకంలో ఉంది. తెలుగులో ఎలా చేయాలి? మనకు గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి కదా?" కర్నూలులో మా వీధి పిల్లలతో మూడేళ్లుగా ఈ ఆట ఆడిస్తున్నాను. వాళ్లు చేసిన తప్పులు, అంతకంటే ముందు నేను చేసిన తప్పులు చూశాక కుదిరిన పద్ధతి ఇది. మీరూ పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. చదివి వదిలేస్తే ఇది రాదు.

ముందు నాలుగు మాటలు తెలిస్తే చాలు. మీరు చెప్పదలచిన మామూలు వాక్యం సాదా పాఠం. దాన్ని మార్చి రాసినది గూఢపాఠం. ఎలా మార్చారో చెప్పేది పద్ధతి. ఆ పద్ధతిలో మీరూ మీ స్నేహితుడూ మాత్రమే పంచుకున్న చిన్న రహస్యం తాళంచెవి. పద్ధతి ఊరందరికీ తెలిసినా తాళంచెవి లేనివాడు చదవలేకపోవాలి. ఈ సూత్రాన్ని కెర్క్‌హాఫ్స్ అనే ఆయన 1883లోనే చెప్పాడు.

చిన్నప్పుడు మనం మాట్లాడిన క భాష గుర్తుందా? "రేపు రా" అనడానికి "కరే కపు కరా" అనేవాళ్లం. అందులో పద్ధతి ఉంది, తాళంచెవి లేదు. అందుకే మా అమ్మ రెండు రోజుల్లో పట్టేసింది, మూడో రోజు నుంచి మాకంటే వేగంగా మాట్లాడింది.

కావలసినవి

గళ్ల నోటుపుస్తకం, పెన్సిల్, రబ్బరు. చక్రం చేయడానికి రెండు పలుచని తెల్ల కాగితాలు, రెండు పాత పెళ్లి శుభలేఖలు (అట్టగా పనికొస్తాయి), వృత్తలేఖిని, కత్తెర, జిగురు, ఒక గుండుసూది. చక్రం చేసే ఓపిక లేకపోతే రెండు పొడవాటి కాగితపు పట్టీలు చాలు, కానీ పిల్లలకు చక్రమే నచ్చుతుంది. కంప్యూటర్ అవసరం లేదు. ఎందుకు వద్దంటున్నానో తరువాత చెబుతాను.

1. హల్లుల పట్టిక రాసుకోండి

కింది 32 హల్లులను ఇదే వరుసలో, ఇవే అంకెలతో రాయండి.

1 క, 2 ఖ, 3 గ, 4 ఘ
5 చ, 6 ఛ, 7 జ, 8 ఝ
9 ట, 10 ఠ, 11 డ, 12 ఢ, 13 ణ
14 త, 15 థ, 16 ద, 17 ధ, 18 న
19 ప, 20 ఫ, 21 బ, 22 భ, 23 మ
24 య, 25 ర, 26 ల, 27 వ, 28 శ, 29 ష, 30 స, 31 హ, 32 ళ

ఙ, ఞ, ఱ, క్ష ఎక్కడని అడుగుతారు. ఙ, ఞ పని మనకు ఎక్కువగా సున్నతోనే జరిగిపోతుంది. ఱ బదులు ర రాయండి. క్ష అంటే క, దాని కింద ష ఒత్తు. రెండు అక్షరాలుగా చూడండి. "జ్ఞానం" వంటి మాట వస్తే "గ్యానం" అని రాసుకోండి. తెలుగు పంతులుగారు చూడకపోతే ఇబ్బంది లేదు.

2. ఏది మారుతుందో, ఏది మారదో ముందే తేల్చుకోండి

మొదటి రోజు హల్లులు మాత్రమే మార్చండి. గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు, మాట మొదట్లో వచ్చే అ, ఆ, ఇ వంటి అచ్చులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఒత్తు మాత్రం హల్లే, కాబట్టి అదీ మారుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం తప్పులు తప్పినట్టే.

3. చక్రం తయారు చేయండి

పలుచని కాగితాల మీద రెండు వృత్తాలు గీసి కత్తిరించండి. పెద్దది 16 సెంటీమీటర్ల వ్యాసం, చిన్నది 12. ఇప్పుడు 32 సమాన భాగాలు చేయాలి. కోణమానిని పట్టుకుంటే ఒక్కో భాగం 11.25 డిగ్రీలు వచ్చి పిల్లలు పారిపోతారు. వృత్తాన్ని సగానికి మడవండి, మళ్లీ సగానికి, అలా నాలుగుసార్లు. విప్పితే 16 భాగాలు ఉంటాయి. ఒక్కో భాగాన్ని మధ్యలో గీత గీసి రెండు చేస్తే 32. ఐదోసారి మడవాలని చూడకండి, కాగితం లావెక్కి గీతలు పక్కకు పోతాయి.

మడతలు సాపు చేసి శుభలేఖ అట్టకు అంటించి, అట్టను కత్తిరించండి. రెండింటి అంచుల్లోనూ 32 హల్లులను గడియారం ముల్లు తిరిగే దిశలోనే రాయండి. మా పిల్లవాడొకడు లోపలిది ఎడమ నుంచి, బయటిది కుడి నుంచి రాసి, ఒక పూటంతా తన స్నేహితుడిని తిట్టాడు. చిన్నదాన్ని పెద్దదాని మీద పెట్టి, నడిమధ్య గుండుసూది గుచ్చండి. సూది మొన వెనక రబ్బరు ముక్క గుచ్చితే వేలికి గీసుకోదు.

4. చక్రం సరిగా ఉందో చూడండి

బయటి క ఎదురుగా లోపలి ధ వచ్చేలా తిప్పండి. అంటే 16 స్థానాలు జరిపారు. ఇప్పుడు "కడప" అనే మాటను మార్చండి: క ఎదురుగా ధ, డ ఎదురుగా వ, ప ఎదురుగా గ. "ధవగ" వచ్చింది. చక్రాన్ని కదపకుండా "ధవగ"ను మళ్లీ అలాగే మార్చండి. "కడప" తిరిగి రావాలి. 32లో సగం 16 కాబట్టి రెండుసార్లు జరిపితే మొదటికే వస్తుంది. రాలేదంటే ఎక్కడో అక్షరం తప్పిపోయింది, లేదా రెండుసార్లు పడింది. ఈ పరీక్ష అయ్యేవరకు ముందుకు వెళ్లకండి.

5. మొదటి సందేశం రాయండి

తాళంచెవి 4 అనుకుందాం. బయటి క ఎదురుగా లోపలి చ ఉండాలి. రోమన్ సేనాని జూలియస్ సీజర్ చేసినదీ ఇదే, ఆయన మూడు స్థానాలు జరిపేవాడు. మన సందేశం:

రేపు బురుజు దగ్గర కలుద్దాం

ఒక్కో అక్షరమూ చూడండి. రేలో ర 25, నాలుగు కలిపితే 29, అంటే ష. ఏత్వం అలాగే ఉంచితే షే. పులో ప 19 కాస్తా 23, ము. బురుజులో బ పోయి ర, ర పోయి ష, జ పోయి డ. దగ్గరలో ద బదులు ఫ, గ బదులు జ, దాని ఒత్తు కూడా జ, చివరి ర బదులు ష. అన్నీ కలిపితే:

షేము రుషుడు ఫజ్జష చసుఫ్ఫాం

కొండారెడ్డి బురుజు "రుషుడు" అయిపోయిందని పిల్లలు వారం రోజులు నవ్వారు. ఈ పద్ధతిలో అందం అదే. గుణింతాలు కదలవు కాబట్టి గూఢపాఠాన్ని నోటితో పలకవచ్చు, ఫోనులో చెప్పవచ్చు.

కూడితే 32 దాటినప్పుడు 32 తీసేయండి. "సాయంత్రం"లో స 30, నాలుగు కలిపితే 34, 32 తీసేస్తే 2, అంటే ఖ. మొత్తం మాట "ఖాశంన్షం" అవుతుంది. త్రంలో త న అయింది, కింది ర ఒత్తు ష ఒత్తు అయింది. చక్రం ఉంటే ఈ కూడికలు, తీసివేతలు ఉండవు, పట్టీలు వాడేవారికి తప్పవు.

విప్పేటప్పుడు లోపలి చక్రంలో అక్షరం వెతికి దాని ఎదురుగా బయట ఉన్నది రాయాలి.

జరుపుడులో పనికొచ్చే తాళంచెవులు 1 నుంచి 31 వరకే. నెలలో తేదీలూ 31కి మించవు. కాబట్టి ఆ రోజు తేదీయే తాళంచెవి అనుకుంటే రాసిపెట్టుకునే పని లేదు. అయితే క్యాలెండర్ అందరి ఇళ్లలోనూ ఉంటుందని మరచిపోకండి.

6. మీరు కాదు, మరొకరు విప్పాలి

మీ గూఢపాఠాన్ని మీరే విప్పుకుని సరిగ్గా ఉందనుకోవద్దు. వాక్యం మీకు ముందే తెలుసు కాబట్టి తప్పు అక్షరాన్ని కూడా కళ్లు సరిగ్గానే చదివేస్తాయి. సాదా పాఠం చూడని వారికి కాగితం, తాళంచెవి ఇచ్చి విప్పమనండి. అంతకు ముందు అక్షరాలు లెక్కపెట్టండి. పైవాక్యంలో పదకొండు అక్షరాలు (ఒత్తుతో ఉన్నది ఒకటే), గూఢపాఠంలోనూ పదకొండే ఉండాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒత్తును వదిలేయడం అన్నిటికంటే ముందుంది. "గ్గ"ను "జ్గ" అని రాస్తే అవతలివారికి "గ్హ" వస్తుంది. అదే హల్లుకు అదే ఒత్తు ఉంటే గూఢపాఠంలోనూ అదే హల్లుకు అదే ఒత్తు ఉండాలి. రాశాక ఈ ఒక్కటి కళ్లతో తడిమి చూడండి.

రెండోది, ల, ళల దగ్గర ఇద్దరూ రెండు రకాలుగా రాయడం. "నీళ్లు" అని ఒకరు, "నీళ్ళు" అని మరొకరు రాస్తారు. విప్పాక అర్థమవుతుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. శ, ష, సల గొడవా అంతే.

మూడోది కంప్యూటర్‌తో వచ్చే తిప్పలు. మా మేనల్లుడు ప్రతి అక్షరపు యూనికోడ్ సంఖ్యకు (కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఉండే సంఖ్య) ఒకటి కలిపే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఇంగ్లీషుకు బాగానే పనిచేసింది. తెలుగులో ఖాళీ డబ్బాలు వచ్చాయి. యూనికోడ్‌లో న, ప మధ్య ఒక స్థానం ఖాళీ. నకు ఒకటి కలిపితే అక్కడ అక్షరమే లేదు. గుణింతపు గుర్తులకూ వేరే సంఖ్యలు ఉండటంతో కొమ్ము పోయి కొమ్ముదీర్ఘం రావడం, గుర్తు పొల్లుగా మారడం వంటివి జరుగుతాయి. ప్రోగ్రామ్ రాసేవారు సంఖ్యలు కూడకండి. పైన ఇచ్చిన 32 అక్షరాల పట్టికను ఉన్నదున్నట్టు ఇచ్చి, అందులో స్థానం వెతికించండి.

నాలుగోది నా సొంత నిర్వాకం. తొమ్మిదో తరగతిలో రహస్య డైరీ రాసి, తాళంచెవిని అదే డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. మా అక్క అక్కడి నుంచే మొదలుపెట్టింది.

ఇక ఒక అపోహ. అక్షరాల బదులు నక్షత్రాలు, త్రిశూలాలు, చేప బొమ్మలు గీస్తే ఎవరూ చదవలేరని చాలామంది అనుకుంటారు. బొమ్మ ఏదైనా ఒక అక్షరానికి ఒక గుర్తే కదా. విప్పేవాడికి అది ఝ అయినా చేప అయినా ఒకటే.

7. ఇప్పుడు పగలగొట్టి చూడండి

రాయడం కంటే ఇదే రుచిగల పని. తాళంచెవి తెలియదనుకుని "రుషుడు" ఒక్కటే తీసుకోండి. ఒక్కో స్థానం వెనక్కి జరపండి:

ఒకటి: యుశుఠు
రెండు: మువుటు
మూడు: భులుఝు
నాలుగు: బురుజు

అయిపోయింది. అన్ని తాళంచెవులూ ప్రయత్నించినా 31కి మించవు, పావుగంట పని. అసలు అంత కూడా అక్కర్లేదు. చివరి మాట "ఫ్ఫాం"తో ముగిసింది. తెలుగు వాక్యం చివర జంటాక్షరానికి దీర్ఘం, సున్న వస్తే ఏముంటుంది? వద్దాం, చూద్దాం, చేద్దాం అనే మనకు వెంటనే "ద్దాం" తడుతుంది. ఫ నుంచి దకు నాలుగు స్థానాలు. ఒక్క ఊహతో తాళంచెవి చేతికొచ్చింది.

అలాగే మాట చివర ఓత్వం కనిపిస్తే ముందుగా "లో", లేకపోతే "తో" అనుకోండి. మాటల చివర కొమ్ము ఉంటే లు, ను, కు, డు, రు వీటిలో ఒకటై ఉండే అవకాశం ఎక్కువ.

పద్యాలు పంపేవారికి ఇంకా ప్రమాదం. వేమన పద్యాన్ని ఎంత కష్టపడి మార్చినా చివర "విశ్వదాభిరామ వినురవేమ" ఉంటుందని అందరికీ తెలుసు. ఆ ఒక్క మకుటంతో వ, శ, ద, భ, ర, మ, న అనే ఏడు హల్లులు బయటపడతాయి. ఉత్తరం మొదట "నమస్కారం", చివర సొంత పేరు రాసేవారి సంగతీ ఇంతే. బ్రాహ్మీ లిపి గుట్టు 1830ల్లో విప్పిన జేమ్స్ ప్రిన్సెప్‌కు దారి చూపించిందీ ఇలాంటి ముగింపే. సాంచిలో చిన్న చిన్న శాసనాలన్నీ ఒకే రకంగా ముగుస్తుంటే, అది "దానం" అనే మాట అయి ఉంటుందని ఆయన ఊహించాడు. మన ఎర్రగుడిలో ఉన్న అశోకుడి శాసనాలు ఆ లిపిలోవే. అశోకుడు దాచాలని రాయించలేదు, జనం చదవాలనే రాయించాడు. చదవడం మరచిపోయింది మనం. అక్కడి చిన్న శాసనంలో కొంత భాగం ఎద్దు పొలం దున్నినట్టు ఒక వరుస ఎడమ నుంచి కుడికి, మరొకటి కుడి నుంచి ఎడమకు సాగుతుంది. వరుస మార్చి దాచడం మరో రకం విద్య, మనం చేస్తున్నది అక్షరం మార్చడం. రెండూ కలపకండి, కనీసం ఈ వారం.

8. తాళంచెవిగా ఒక వాక్యాన్ని పెట్టండి

31 తాళంచెవులు చాలవు కాబట్టి హల్లుల వరుసనే కలగాపులగం చేద్దాం. ఇద్దరికీ గుర్తుండే వాక్యం ఎంచుకోండి. నాది: "సిద్ధవటం కోట పెన్నా ఒడ్డున". అందులోని హల్లులను మొదటిసారి వచ్చిన వరుసలో, తిరిగి వచ్చినవి వదిలేసి రాయండి: స ద ధ వ ట క ప న డ. వీటి తరువాత పట్టికలో మిగిలినవాటిని వరుసగా పేర్చండి:

స ద ధ వ ట క ప న డ ఖ గ ఘ చ ఛ జ ఝ ఠ ఢ ణ త థ ఫ బ భ మ య ర ల శ ష హ ళ

దీన్ని మొదటి పట్టిక కింద రాస్తే క బదులు స, ఖ బదులు ద, గ బదులు ధ, ఇలా జతలు వస్తాయి. మన సందేశం ఇప్పుడు:

మేణు థుముపు ఝధ్ధమ సయుఝ్ఝాం

సరిచూసుకోవడానికి: కింది వరుసలో 32 అక్షరాలూ ఒక్కొక్కసారే ఉండాలి. ఒకటి రెండుసార్లు పడితే విప్పేటప్పుడు అక్కడ ఆగిపోతారు. ఇంకొకటి గమనించండి, చివరి హ, ళ వాటి కిందే పడ్డాయి, మారలేదు. తాళంచెవి వాక్యంలో ళ లేకపోతే ఎప్పుడూ ఇంతే. "నీళ్ళు", "పళ్ళు" వంటి మాట ఒకటి వాక్యంలో ఉంటే ఈ లోపం పోతుంది.

32 హల్లులను పేర్చగల విధానాల సంఖ్యకు 36 అంకెలుంటాయి. అన్నీ ప్రయత్నించడం మనిషి వల్ల కాదు. అయినా ఇది పగులుతుంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిందీ అనే పండితుడు ఈ కిటుకు రాసిపెట్టాడు: ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు, భాషలో తరచుగా వచ్చే అక్షరాలతో పోల్చు. తెలుగులో న, ల, ర, క, త, డ వంటివి పేజీ నిండా ఉంటాయి, ఝ, ఠ, ఢ, ఛ వెతికినా కనిపించవు. నా మాట నమ్మకండి, ఇవాళ్టి దినపత్రికలో ఒక వార్త తీసుకుని గళ్ల పుస్తకంలో గీతలు పెడుతూ మీరే లెక్కించండి. మా పిల్లలకు ఇదే అన్నిటికంటే నచ్చింది. ఆ తరువాత గూఢపాఠంలో ఢ పదేపదే కనిపిస్తే, అది న అయి ఉంటుందేమో అన్న అనుమానం దానంతట అదే వస్తుంది. స్కాట్లండ్ రాణి మేరీ ఇలాంటి లిపిని నమ్ముకునే 1586లో కుట్ర ఉత్తరాలు నడిపింది. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ మనుషులు వాటిని విప్పేశారు. మరుసటి ఏడాది ఆమె తల తీశారు.

లెక్కింపు పనిచేయాలంటే పాఠం పొడవుగా ఉండాలి. పదకొండు అక్షరాల సందేశాన్ని లెక్కపెట్టి ఏమీ తేల్చలేరు. కాబట్టి చిన్న సందేశాలు పంపండి, తాళంచెవిని తరచుగా మార్చండి.

9. గుణింతాలను కూడా దాచండి

ఇప్పటిదాకా పట్టుబడ్డవన్నీ గుణింతాల వల్లే కదా. వాటిని జతలుగా తారుమారు చేయండి:

తలకట్టు, కొమ్ము
దీర్ఘం, గుడి
గుడిదీర్ఘం, ఓత్వం
కొమ్ముదీర్ఘం, ఏత్వం
ఎత్వం, ఒత్వం
ఐత్వం, ఔత్వం

ఒకటి ఉన్నచోట దాని జత పెట్టాలి. మాట మొదటి అచ్చులకూ ఇదే లెక్క: అ బదులు ఉ, ఉ బదులు అ. వట్రసుడి ఉన్న మాటలను ముందే రు ఒత్తుతో రాసుకోండి. విప్పేటప్పుడు కూడా ఇదే పట్టిక, ఎదురు పట్టిక అక్కర్లేదు. మన సందేశం ఇలా అవుతుంది:

మూణ థమప ఝుధ్ధుము సుయఝ్ఝిం

మాటల మధ్య ఖాళీలు తీసేసి నాలుగేసి అక్షరాలుగా రాస్తే "మూణథమ పఝుధ్ధుము సుయఝ్ఝిం". ఇక "ద్దాం" ఊహించేవాడు కాసేపు తల గోక్కుంటాడు. సున్న మాత్రం అలాగే మిగిలింది, ఓపిక ఉన్నవాళ్లు దాని సంగతి చూసుకోండి. పొడవైన ఉత్తరమైతే ఇదీ పగులుతుంది. ఇది ఆట. ఏటీఎం పిన్నునో బ్యాంకు పాస్‌వర్డ్‌నో ఇలా రాసి పర్సులో పెట్టుకోకండి. అలాంటి సమాచారాన్ని నిజంగా కాపాడే పద్ధతులు వేరు. అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా తీసుకున్న ఏఈఎస్ వాటిలో ఒకటి.

చేసి చూడండి

ఇది మామూలు జరుపుడు పద్ధతిలో, గుణింతాలు మార్చకుండా రాసిన సందేశం. తాళంచెవి చెప్పను.

ఠుబ్బి మాళికో ఎళ్ళఠుని మఠ్ఠళ మిఠు

31 సార్లు తిప్పకండి. రెండో మాట చివర ఏముందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. సరిగ్గా విప్పితే ఈ వ్యాసంలో ఒకసారి వచ్చిన ఊరి పేరు కనిపిస్తుంది, బస్సు ఎక్కినవారికి పనికొచ్చే మాట అవుతుంది.